ఎద్దు ఎవరిని ఎరుగును?

పశువును పెంచువాడు పశువును ప్రేమింపగలడను విషయములో వాదమేమియు లేదు. కనుమనాడు మన పల్లెలలోను, అదే దినమున మాట్టు పొంగల్ పేరిట ఈ పుదుచ్చేరి వీధులలోను దానిని కన్నులార చూడవచ్చును. కొమ్ములకు రంగులు, మెడలో పూలదండలు, క్రొత్త పలుపులు, నోటికి అందించు పొంగలి. సంవత్సరమంతయు అదిలించిన చేయి ఆ దినమున నిమురును. అయితే అట్లు నిమిరించుకొన్న పశువు తిరిగి ఆ మనిషిని ప్రేమించునా? పండుగనాడు ఈ ప్రశ్న ఎవరును అడుగరు. అది అడుగబడు దినము వేరొకటి గలదు. పశువును అమ్మిన మరునాడు.

ఇచ్చట నివసించు తెలుగువారిలో యానాము నుండి ఉద్యోగముల కొరకును పిల్లల చదువుల కొరకును వచ్చి స్థిరపడినవారు అనేకులు. అట్టి కుటుంబమునకు చెందిన ఒక వృద్ధురాలు పట్టణపు అంచున రెండు ఆవులను పెట్టుకొని చుట్టుప్రక్కల ఇండ్లకు పాలు పోయుచుండెను. పెద్ద ఆవు పెయ్యదూడగా వచ్చి 12 సంవత్సరములు ఆమె చేతిమీద పెరిగినది. ఆరు ఈతలైన తరువాత వట్టిపోయి, మరల చూలు నిలువలేదు. కుమారుడు బేరగానిని పిలిచి అమ్మివేసెను. వ్యాను ఎక్కించునప్పుడు అది తల త్రిప్పి ఆమెవైపు చూచినదట. “అయ్యగారండీ, పన్నెండేళ్లూ అది నన్ను చూసిందాండీ, నా చేతిలో కుడితి బాల్చీని చూసిందాండీ?” అని ఆమె నన్ను అడిగెను.

ఈ ప్రశ్నలో ఎంత బరువున్నదో గమనించుడి. అది చూచినది కుడితినే అయిన యెడల అమ్మకములో దోషమేమియు లేదు. మరియొక చోట మరియొకరు కుడితి పెట్టుదురు. కాని అప్పుడు ఆమె 12 సంవత్సరముల స్నేహము ఆమె ఒక్కతె తనలో తాను కల్పించుకొన్నదగును. అది చూచినది ఆమెనే అయిన యెడల ఆ స్నేహము నిజమగును గాని, దానిని రొక్కమునకు మార్చినట్లగును. ఏ జవాబు ఇచ్చినను ఆమె యొద్దనుండి ఏదో ఒకటి తీసికొనవలసినదే. అందుచేత ఆమెను ఓదార్చుటకు ముందు, ప్రశ్న సరిగా వేయబడినదా లేదా అని విచారించుట మంచిదని నాకు తోచెను. మనిషి ఒకవైపు, కుడితి మరియొకవైపు అని అంత స్పష్టముగా విడదీయుట సాధ్యమా?

యెషయా గ్రంథము మొదటి అధ్యాయము మూడవ వచనము మీలో అనేకులకు కంఠస్థము. ఎద్దుకును గాడిదకును ఉన్న ఎరుక ఇశ్రాయేలునకు లేదని ప్రవక్త అచ్చట దుఃఖించుచున్నాడు. ఆ వచనముమీద ప్రసంగములు అనేకములు చేయబడినవి. దాదాపు అన్నియు ఇశ్రాయేలుమీదనే. ఎద్దును ఎవరును పట్టించుకొనలేదు. కాని ఉపమానము నిలువవలెనన్న యెడల ఎద్దు విషయమై చెప్పినది ముందు నిజము కావలెను. యూదయ కొండలలో దున్నుకొను రైతులతో మాటలాడుచున్న ప్రవక్త, ఎద్దు ఏమి ఎరుగునో ఎరుగదో వారికంటె తక్కువ తెలిసినవాడై మాటలాడి యుండడు. విన్నవారు నవ్వియుందురు.

హెబ్రీ మాటలను చూతము. ఎరుగుట అనుటకు అచ్చట వాడబడిన క్రియ యాదా. ఆ భాషలో అది కేవలము సమాచారము కలిగియుండుట మాత్రమే కాదు; భార్యాభర్తల సాన్నిహిత్యమునకును, దేవుడు తన జనులను ఎంచుకొనుటకును అదే క్రియ. ఎద్దు ఎరిగినవానికి వాడబడిన మాట కోనే; సంపాదించినవాడు, కొన్నవాడు అని దానికి అర్థము. మన తెలుగు బైబిలులో ‘కామందు’ అని వేయబడినది. ఆ మాటలో అధికారము వినబడును గాని, వెల చెల్లించిన సంగతి వినబడదు. గాడిద ఎరిగినది ఏబూస్, అనగా మేత వేయు తొట్టి. పాతనిబంధన అంతటిలో ఆ మాట మూడే మారులు కనబడును. తక్కిన రెండు యోబు గ్రంథములోను సామెతలలోను. ఇచ్చటను అది ఎద్దులు మేసెడు గాడియే. మనవారు ఈ వచనములో దానికి ‘దొడ్డి’ అని వేసిరి. దొడ్డి పశువులను తోలి మూయు చోటు. గాడి అవి నోరుపెట్టి తినెడు చోటు. కృష్ణా గోదావరి ప్రాంతములలో ఈ భేదము చిన్నపిల్లలకును తెలియును. చిన్న మార్పే గాని, దానివలన పోయినది పెద్దది.

ఏలయనగా గ్రీకు అనువాదకులు ఏబూస్‌కు ఫాట్నే అను మాట వాడిరి. లూకా తన సువార్త రెండవ అధ్యాయములో శిశువు పరుండబెట్టబడిన చోటికి అదే మాట వాడెను. మన తెలుగులో ఒకచోట దొడ్డి, మరియొకచోట తొట్టి; రెండింటికిని సంబంధమున్నట్లు చదువరికి తెలియదు. లూకా వ్రాసిన వృత్తాంతములో ఎద్దుగాని గాడిదగాని లేవు. అయినను ప్రతి క్రిస్మసుకును ఈ పట్టణపు దేవాలయములలో కట్టు పశువుల పాకలలో ఆ రెండును తప్పక నిలుచుండును. అవి యెషయా నుండి నడచివచ్చినవి. ఇచ్చటి పాతకాలపు కుటుంబములవారు ఆ పాకను ఫ్రెంచి మాటతో క్రెష్ అందురు. ఆ మాటకు మొదటి అర్థము పశువుల తొట్టి. తల్లులు పనికి పోవునప్పుడు పసిబిడ్డలను ఉంచు గృహమునకును అదే పేరు. పశువు తినెడు చోటును శిశువు కాపాడబడు చోటును ఒకే మాటలో ఇమిడియుండుట మన ప్రశ్నకు అడ్డముగా దొరికిన ఒక సూచన.

శిశువు తల్లిని మొదట ఎట్లు ఎరుగును? పాలవలన, వాసనవలన, ఒంటి వెచ్చదనమువలన, గొంతువలన. ఆకలి తీరుట ఒక గదిలోను, ప్రేమ మరియొక గదిలోను జరుగుట లేదు. మూడు నెలల బిడ్డ తల్లిని చూచి నవ్వినప్పుడు, ‘వీడు నన్ను చూచి నవ్వెనా, నా పాలను చూచి నవ్వెనా’ అని ఏ తల్లియు అడుగదు; అడిగినను నవ్వి ఊరకుండుదురు. మన ప్రేమలన్నియు ఇట్లే తినిపించిన చేతినుండి మొదలైనవే. ఆ చేతిని తరువాత మించిపోయినను, దానినుండి మొదలైనందుకు అవి అబద్ధములు కావు. అందుచేత పశువు తన యజమానుని మేతవలన ఎరుగునన్నంత మాత్రమున అది యజమానుని ఎరుగదని తేలదు. ప్రవక్త ఎద్దుకు యజమానుని, గాడిదకు గాడిని జతచేసి, రెండింటిని ఒకే క్రియ క్రింద నిలిపెను. గాడి యజమానునికి పోటీ కాదు. యజమానుడు తెలియు మార్గము.

అయితే ఇంతటితో సరిపెట్టుకొనుట న్యాయము కాదు. శిశువు పెరుగును, ఆవు ఆవుగానే యుండును. మేతకు మించినది ఏమైనను ఆవులో ఉన్నదా అని అడుగు హక్కు సందేహించువారికి గలదు. ఈ విషయమున మన పితరులకు అనుభవముండెను. మనకు కొంత పరీక్షించిన జ్ఞానమును గలదు. ఆవులు మనుష్యులను ఒకరినుండి ఒకరిని వేరుగా గుర్తింపగలవు. 1999లో కెనడా, డెన్మార్కు దేశముల పరిశోధకులు కలిసి చేసిన పనిలో, తమ్మును మెల్లగా చూచినవానిని కొట్టి తరిమినవానిని ఆవులు వేరుపరచి తెలిసికొన్నవనియు, కొట్టినవాడు దగ్గర నిలుచున్నప్పుడు పాలు పితికినను పొదుగులో ఎక్కువ పాలు మిగిలిపోయినవనియు తేలినది. 2008లో వియన్నా పరిశోధకులు ఆవులు ఒకదానినొకటి నాకుకొను భాగములను గుర్తించి, ఆ భాగములందే మనిషి చేతితో నిమిరి చూచిరి. గంగడోలు వైపు నిమిరినప్పుడు అవి మెడ చాచి చెవులు వాల్చినవి. మన ఇండ్లలో ఆడవారు ఏ పరిశోధనయు లేకయే చేయి పెట్టునది సరిగా ఆ చోటనే. ఆ చేతిలో మేత లేదు.

2009లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్యాథరిన్ బెర్టెన్‌షా, పీటర్ రోలిన్‌సన్ అను ఇద్దరు 516 మంది పాడిరైతులను ప్రశ్నించి ఒక విషయము ప్రకటించిరి. పేరుపెట్టి పిలువబడు ఆవులున్న చోట ఒక్కొక్క ఆవు సంవత్సరమునకు 258 లీటర్ల పాలు అధికముగా ఇచ్చినదట. ఆ వార్త లోకమంతయు తిరిగినది. నేను దానిమీద ఎక్కువ భారము మోపను. పేరుపెట్టి పిలుచువాడు వేళకు నీళ్లు పెట్టువాడును, జబ్బును ముందుగా కనిపెట్టువాడును అయియుండును గనుక, పాలు పేరువలన వచ్చినవా శ్రద్ధవలన వచ్చినవా అని తేల్చుట కష్టము. అయినను గౌరి, లక్ష్మి, రాముడు, భీముడు అని పిలిచిన మన రైతులు అమాయకులు కారని మాత్రము దానివలన అనుకొనవచ్చును.

తెలుగులో ‘చేపుట’ అని ఒక మాట గలదు. దూడ మూతి పెట్టినప్పుడు ఆవు పొదుగులోనికి పాలు దిగవిడచుట అది. బాలింత బిడ్డను చూచినప్పుడు రొమ్ము బరువగుటకును మన స్త్రీలు అదే మాట వాడుదురు. పాలు పితుకుట మనిషి చేయు పని. చేపుట ఆవు చేయు పని. దానిని బలవంతము చేయలేము. స్పర్శ నరములద్వారా మెదడునకు చేరి, అచ్చటనుండి ఆక్సిటోసిన్ అను ద్రవ్యము రక్తములో కలిసి, పొదుగులోని సన్నని కండరములను ముడుచుకొనజేయును. భయము కలిగిన యెడల అది ఆగిపోవును. మానవ స్త్రీలోను ఇదే ద్రవ్యము ఇదే పని చేయును. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విన్సెంట్ దు విన్యో 1953లో దీనిని ప్రయోగశాలలో తయారుచేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. శరీరములో ఇంతటి పోలికను ఉంచిన సృష్టికర్త అనుభవములో మాత్రము గోడ కట్టియుండునని తలంచుటకు నాకు కారణము కనబడుట లేదు.

ఇచ్చట ఒక దుఃఖకరమైన సంగతి చెప్పక తప్పదు. దూడ చచ్చిన యెడల ఆవు చేపదు గనుక, ఆ దూడ తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, కఱ్ఱ కాళ్లు తగిలించి ఆవు ముందు నిలువబెట్టు ఆచారము మన దేశమున అనేక ప్రాంతములలో ఉండెను. చెన్నపట్టణపు వీధులలో పాలవాడు ఒక చేత ఆవును, ఒక భుజమున ఆ గడ్డిదూడను మోసికొని ఇల్లిల్లు తిరుగుట పెద్దవారికి గుర్తుండును. ఆవు ఆ తోలును నాకి పాలు ఇచ్చెడిది. దీనిని రెండు విధములుగా చదువవచ్చును. తోలుబొమ్మకు మోసపోయినది గనుక అది ప్రేమ కాదు, వాసనకు కలుగు యాంత్రిక చలనము మాత్రమే అని ఒకరందురు. మోసము చేయుటకు లోపల ఏదో ఉండినది గనుకనే మోసము సాధ్యమైనదని నేనందును. చచ్చిన బిడ్డ చొక్కాను ముఖమునకు హత్తుకొను తల్లిని ఎవరు యంత్రమందురు? ఇప్పుడు గడ్డిదూడ కూడ అక్కరలేకపోయినది. చేపుకు సూది మందు దొంగచాటున అమ్ముచున్నారు. పాలు పెంచుటకై పశువునకు హాని చేయు ఇట్టి పనులను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిషేధించినను అవి పూర్తిగా ఆగలేదు. ఆ సూదిలో ఉన్నదియు ఆక్సిటోసినే. దూడతో పనిలేకుండ దూడ పని చేయించుట దాని ఉద్దేశము.

ఎదుటి వాదమునకును న్యాయము చేయవలెను. 1637లో దేకార్తు జంతువులను గడియారములతో పోల్చినప్పటినుండి పాశ్చాత్య ఆలోచన ఒక అంచుకు ఒరిగినది. తరువాత మరియొక అంచుకును ఒరిగినది. పశువు మనసు మన మనసే అని కథలు అల్లుట. కబేళా ముందు మోకరించి కన్నీరు కార్చిన ఆవుల కథలు మన పత్రికలలోను వచ్చుచుండును. ఆవు కంట నీరు వచ్చుట నిజమే. దుమ్మువలనను ఈగలవలనను రోగమువలనను వచ్చును. దుఃఖముచేత కన్నీరు కార్చుట మనుష్యులయందు మాత్రమే రూఢిగా తెలిసిన విషయము. 1894లో లాయిడ్ మోర్గన్ ఒక సూత్రము పెట్టెను: జంతువు చేసిన పనికి దిగువ శక్తి చాలినప్పుడు ఎగువ శక్తిని ఊహింపరాదని. మంచి సూత్రమే, సాక్షిని ప్రశ్నించు న్యాయవాదివలె అది మనలను జాగ్రత్తపరచును.

దానికి నిదర్శనముగా బెర్లినులోని హాన్స్ అను గుఱ్ఱమును చెప్పుదురు. లెక్కలు చెప్పిన అంకెకు డెక్కతో అన్ని మారులు నేలను తట్టెడిది. 1907లో ఆస్కార్ ప్‌ఫుంగ్‌స్ట్ అను పండితుడు పరీక్షించి, దానికి లెక్కలు రావనియు, ప్రశ్నించువాని తలలోను ముఖములోను వానికే తెలియకుండ కలుగు చిన్న కదలికను చూచి ఆగిపోవుచున్నదనియు నిరూపించెను. జంతువులకు తెలివి లేదనుటకు ఇది సాక్ష్యమని అప్పటినుండి బోధించుచున్నారు. నాకు మాత్రము దీనిలో వేరొకటి కనబడును. ఆ గుఱ్ఱమునకు గణితము తెలియదు, నిజమే, మనిషి తెలిసెను. గదినిండ కూర్చున్న ఆచార్యులు తమ ముఖములో తాము చూడలేనిదానిని అది చూచెను. మనము ప్రశ్నించినది ఒక విద్యలో, అది జవాబిచ్చినది మరియొక విద్యలో.

ఒంగోలు జాతి చరిత్ర ఈ విషయమున కొంత వెలుగు చూపును. మన తీరమునుండి ఓడలలో బ్రెజిలునకు పోయిన ఆ పశువులకు అచ్చట నెల్లూరు పేరు మీదుగా నెలోరె అను పేరు నిలిచినది. 1960ల మొదటి భాగమువరకు ఆంబోతులను కొనిపోయిరి. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అత్యధిక భాగము ఆ రక్తమే. గుండ్లకమ్మ తీరమున ఆ ఎద్దు ఇంటి చూరుక్రింద కట్టబడి, పిల్లలు కాళ్ల సందున దూరుచుండగా కదలక నిలుచును. బ్రెజిలు మైదానములలో వేలకు వేలుగా తిరుగు దాని బంధువులు మనిషిని చూచి పారిపోవును. రక్తమొకటే; ఎరుక వేరు. కాబట్టి ‘ఆవు ప్రేమించునా’ అని జాతినంతటిని గూర్చి అడిగిన యెడల జవాబు రాదు. ఏ ఆవు, ఎవరిని, ఎన్నేండ్లు, ఏ చేతివలన అని అడుగవలెను. దూడగా నున్నప్పుడే మెల్లని చేయి తగిలిన పశువు మనుష్యుని మందలో ఒకనిగా ఎంచుకొనును. పశువునకు మందయే లోకము; ఆ మందలోనికి మనలను చేర్చుకొనుటకంటె పెద్ద మర్యాద దానియొద్ద లేదు.

మనవైపు ప్రేమయున్నంత మాత్రమున ఆవలివైపు సంగతి తేలిపోవునని అనుకొనుట మనకు అలవాటు. 2022 నవంబరు 30న ఈ పట్టణపు మణక్కుళ వినాయకర్ ఆలయపు ఏనుగు లక్ష్మి ఉదయపు నడకలో వీధిలోనే కూలి మరణించెను. మతభేదము లేక జనులు వేలుగా వచ్చి ఏడ్చిరి. ఆ కన్నీరు నిజమైనదే. ఆ ఏనుగు తన మనసులో మనలను ఏమని ఎంచినదో మాత్రము ఆ దినమున ఎవరును అడుగలేదు. జల్లికట్టు వాదములోను ఇట్లే జరిగినది. 2014 మే 7న సుప్రీంకోర్టు దానిని నిషేధించినప్పుడును, 2017లో చెన్నై మెరీనా తీరమున యువజనులు గుమిగూడినప్పుడును, 2023 మే 18న కోర్టు సవరించిన చట్టమును ఆమోదించినప్పుడును, ఎద్దును బిడ్డవలె పెంచుచున్నామని పెంపకందారులు చెప్పుచునే యుండిరి. వారు అబద్ధమాడిరని నేననను. అయితే బిడ్డవలె పెంచినదానిని ఎవరి సంతోషము కొరకు గుంపులోనికి విడిచితిమని కూడ అడుగవలెను గదా. చంద్రగిరి ప్రాంతపు పల్లెలలో పశువుల పండుగ చేయు మన తెలుగువారికిని ఈ ప్రశ్న చెందును.

పశువు మనలను ఎరుగునని, మన సన్నిధిలో నెమ్మది పొందునని, మనము లేనప్పుడు కలత చెందగలదని ఒప్పుకొన్న తరువాత, దానికి లేనిదేమి? అది మన మేలును కోరదు. రేపు మనకేమగునోనని చింతింపదు. మాట ఇయ్యలేదు. ఈ మూడును లేని ప్రేమను ప్రేమ అనవచ్చునా అని కొందరు అడుగుదురు. అనవచ్చునని నా అభిప్రాయము. లేనియెడల పసిబిడ్డల ప్రేమయు, మతి తప్పిన వృద్ధుల ప్రేమయు అదే వాదముచేత కొట్టివేయబడును. అయితే ఈ లోపమువలన ఒక సంగతి తేలుచున్నది. మాట ఇయ్యలేనిది మాట తప్పలేదు. ఇద్దరి మధ్య విశ్వాసఘాతకము జరిగిన యెడల అది ఎప్పుడును మనవైపునుండియే జరుగవలెను.

ఆ వృద్ధురాలికి నేను చెప్పినదియు దాదాపు ఇదియే. “అమ్మా, అది నిన్ను చూచినది. కుడితిలోను నిన్నే చూచినది. నీ గొంతు, నీ వాసన, ఆ పాక, ప్రక్కనున్న చిన్న ఆవు లేకపోవుటచేత అది కొన్ని దినములు బెంగపెట్టుకొని యుండును. కాని అమ్ముడుపోయినానని దానికి తెలియదు. అమ్మకమును ఎరిగినదానవు నీవు ఒక్కతెవే.” ఇది ఓదార్పో కాదో నేను చెప్పలేను. ఆమె కొంతసేపు ఊరకుండి, చిన్న ఆవుకు గడ్డి వేయు వేళయైనదని లేచి వెళ్లెను.

ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. వట్టిపోయిన ఆవునకు గడ్డియు తవుడును చిట్టును పాడి ఆవునకు వలెనే కొనవలెను. పట్టణపు అంచున పచ్చిక బీడు లేదు. పాలు కొనువారమైన మనము లీటరునకు ఇచ్చు వెలలో పాడియున్న సంవత్సరములు మాత్రమే లెక్కకు వచ్చును. ముసలితనము ఆ వెలలో లేదు. కోడెదూడ బ్రతుకు అసలే లేదు. ఉదయమున వాకిట పడు పాన్‌లే సహకార సంఘపు పాల సంచిలో ఆవు ముఖము కనబడదు. ఆ పేరులోని రెండవ సగము ఫ్రెంచి భాషలో పాలు. ఆవునకు అందులో చోటు దొరకలేదు. కురుంబాపేటలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ముందు కుంటిదూడను పట్టుకొని వరుసలో నిలుచున్న పేదవారిని చూచినప్పుడు, వారికంటె పశుప్రేమికులమని చెప్పుకొను మనము ఆ దూడ కొరకు ఏమి చెల్లించితిమో అనిపించును. అమ్మినది ఆమెయే గాని, ఆ అమ్మకములో కాఫీ త్రాగువారందరికిని కొంత భాగమున్నది.

పౌలు కొరింథీయులకు వ్రాయుచు, దేవుడు ఎడ్ల కొరకు చింతించుచున్నాడా అని అడిగిన మాటను ఎత్తిచూపి, క్రైస్తవులకు ఇట్టి చింత తగదని చెప్పువారున్నారు. గ్రీకులో ఆ ప్రశ్న ‘లేదు’ అను జవాబును ఎదురుచూచునట్లే యున్నది. అది నేను దాచను. కాని పౌలు అచ్చట చేయుచున్నది రబ్బీల పద్ధతిలో చిన్నదానినుండి పెద్దదానికి ఎక్కుట. కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టరాదను ధర్మశాస్త్రపు ఆజ్ఞ ఎద్దు కొరకు నిజముగా నిలిచియుంటేనే పనివాని జీతమును గూర్చిన వాదము దానిమీద నిలుచును. విశ్రాంతి దినము ఎద్దునకును గాడిదకును కూడ అని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. నీనెవెను గూర్చి యోనాతో చెప్పిన చివరి మాటలలో పశువులు లెక్కింపబడినవి. మందసమును లాగుకొనిపోయిన రెండు పాడి ఆవులు దారి పొడవున అరచుచు పోయినవని సమూయేలు గ్రంథము వ్రాసిపెట్టినది. దూడలు ఇంటియొద్ద మూయబడి యుండెను. ఆ అరపు వ్రాయకపోయినను కథకు లోటు లేదు. చరిత్రకారుడు దానిని విడువలేదు.

1781లో జాన్ వెస్లీ రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయముమీద ప్రసంగించి, మూలుగుచున్న సృష్టిలో పశువులకును విమోచన గలదని నమ్మెను. 1822లో బ్రిటిషు పార్లమెంటు పశువులను హింసించుటకు విరోధముగా చట్టము చేసెను. 1824లో ఆర్థర్ బ్రూమ్ అను ఆంగ్లికన్ గురువు మరికొందరితో కూడి జంతుహింసా నివారణ సంఘమును స్థాపించి, దాని అప్పులనిమిత్తము తానే చెరసాలకు పోయెను. మన దేశమున రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు 1960 చట్టమునకు దారి తీసెను. వీరిలో ఎవరును పశువు మనలను ప్రేమించునని ముందు రుజువు చేయవలెనని కోరలేదు.

అనువాదకుడను గనుక ఒక మాట విషయమై కొంతకాలముగా తడుముకొనుచున్నాను. సామెతల గ్రంథము పండ్రెండవ అధ్యాయము పదియవ వచనములో నీతిమంతుడు తన పశువుయొక్క నెఫెష్‌ను యాదా చేయునని హెబ్రీలో నున్నది. ఎద్దు యజమానుని ఎరుగుటకు యెషయా వాడిన క్రియయే ఇది. ఈసారి యజమానుడు ఎద్దును ఎరుగుటకు వాడబడినది. నెఫెష్ అనగా ప్రాణము, ఊపిరి, ఆకలి, కోరిక, లోపలి మనిషి. మన తెలుగు బైబిలులో ఆ క్రియకు బదులు దయను గూర్చిన మాట వచ్చినది. దయ అక్కరలేదనుట లేదు. కాని దయ పైనుండి క్రిందికి దిగును; ఎరుక ఎదురెదురుగా నిలుచును. అదే వచనపు రెండవ సగము దుష్టుల వాత్సల్యమే క్రూరమని చెప్పుచున్నది గనుక, వాత్సల్యమున్నంత మాత్రమున చాలదని సొలొమోనునకు తెలిసియే యుండును. ‘ప్రాణమును ఎరుగును’ అని వేసిన యెడల తెలుగు చెవికి బిరుసుగా నుండును. ‘ఆకలి ఎరుగును’ అన్న యెడల నెఫెష్‌లో సగము జారిపోవును. ‘మనసు ఎరుగును’ అని వేయబోయి, పశువునకు మనసేమిటని తోటివారు అడిగినందున చిత్తుప్రతిలో ఆ చోటు ఖాళీగా ఉంచితిని.